వాద్యాల గొయ్యిలో ఊదా మఖమల్

ఊరి పోలీసు ఇన్‌స్పెక్టర్ ఎర్మీనియా స్కాల్వి థియేటర్ లోపలికి అడుగుపెట్టేసరికి ఎవరిస్తో ముసలాయన చేతులకు బేడీలు పడనే పడ్డాయి. టికెట్ల కిటికీ పక్కన బల్ల మీద కూర్చోబెట్టారు ఆయన్ని. డెబ్బై దాటిన మనిషి, ఊరంతా ఎరిగిన మనిషి. మర్యాదకైనా ఆ చేతుల మీద ఒక కోటు కప్పలేదు. ఎర్మీనియా ఎవరినీ పలకరించకుండా ముందు తన మెడలోని ఉన్ని శాలువా తీసి ఆ చేతుల మీద వేసింది. ఆ తరవాతే తలెత్తి ఇన్‌స్పెక్టర్ తద్దేయి వైపు చూసింది.

"రండి మేడమ్. పెళ్లయ్యాక బాజాలవాళ్లు వచ్చినట్టు వచ్చారు," అన్నాడు తద్దేయి. జిల్లా ఆఫీసు నుంచి నిన్న రాత్రే దిగినవాడు. ఆమె కంటే ఇరవై ఏళ్లు చిన్న. చొక్కా మడత ఇంకా నలగలేదు.

"పెళ్లికొడుకెవరో తేలకుండానే ఉంగరం తొడిగేశావుగా నాయనా, ఇంక బాజాలెందుకు?"

"తేలింది కాబట్టే తొడిగాను. వినండి. నిన్న నాలుగింటికి స్టేజీ పనివాళ్లు రొట్టె తినడానికి బయటికి పోయారు. ఐదింటికి తిరిగొచ్చారు. ఆరింటికి థియేటర్ డైరెక్టర్ గ్రంజొత్తో స్టేజీ ముందు వాద్యగాళ్లు కూర్చునే గొయ్యిలో శవమై కనిపించాడు. పై గ్యాలరీ కొస నుంచి పడ్డాడు. మెడకు ఊదా మఖమల్ గుడ్డ చుట్టి ఉంది. పడుతూ పడుతూ ఎవడూ మెడకు గుడ్డ చుట్టుకోడు కదా? ఆ గంటసేపూ ఎక్కడున్నారని లోపలున్న ప్రతివాణ్ణీ అడిగాను. నోరు విప్పనివాడు ఈయనొక్కడే. పైగా పోయిన నెల నలుగురిలో గ్రంజొత్తో మొహాన ఉమ్మేశాడట."

"బూట్ల మీద," అన్నాడు ఎవరిస్తో తల దించుకునే. "మొహం దాకా అందలేదు."

నవ్వు రావలసిన మాటే గాని ఎవరికీ నవ్వు రాలేదు.

ఉమ్మడానికి కారణం లేకపోలేదు. ఈ సాంతా ఓర్సొలా రెండు వందల ఏళ్ల నాటి ఒపెరా థియేటరు. గ్రంజొత్తో డైరెక్టరుగా వచ్చి, కొత్త రూపం ఇస్తానని నాలుగేళ్లు తలుపులు మూశాడు. నెత్తిన గాజు మేడ కట్టించాడు, గోడల్లో లిఫ్టులు దింపాడు, చెక్క తీసి ఉక్కు పెట్టాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, స్టేజీ ముందున్న ప్రాంప్టర్ గూటిని కూడా కప్పేసి దాని మీద నున్నటి నేల పరిచాడు. ఆ గూట్లో కూర్చుని నలభై ఏళ్లు పాటగాళ్లకు మాట అందించినవాడు ఎవరిస్తో. పాట మరిచిపోయిన మహామహులెందరో ఆయన గుసగుస పట్టుకుని ఒడ్డెక్కారు. గూటితో పాటు ఆయన కొలువూ పోయింది.

అది చాలదన్నట్టు గ్రంజొత్తో కుర్చీలకు ఊదా మఖమల్ వేయించబోయాడు. ఈ దేశంలో థియేటర్ మనుషులు పామునైనా పట్టుకుంటారు గాని ఊదా రంగును పట్టుకోరు. వెనకటి రోజుల్లో ఈస్టరు ముందు ఉపవాసాల నలభై రోజులూ పాదిరీలు ఊదా వస్త్రం తొడిగేవారు, ఆ నలభై రోజులూ ఆటలు బంద్, ఆడేవాళ్ల పొయ్యిలో పిల్లి లేచేది కాదు. ఆ ఆకలి ఎప్పుడో తీరింది, భయం మాత్రం తరాలు దాటి వచ్చింది. పనివాళ్లు సుత్తులు కింద పడేసి రోడ్డెక్కాక కుర్చీలకు ఎర్ర మఖమల్ వచ్చింది.

"అందుకే ఊదా గుడ్డ," అన్నాడు తద్దేయి. "పగ తీర్చుకుని, దాని మీద సంతకం పెట్టాడు. పన్నెండింటికి రిహార్సలు చూడ్డానికి జనాన్ని వదులుతున్నారు. బయట బారులు తీరి ఉన్నారు. ఈలోగా ఈయన్ని జీపెక్కిస్తాను."

ఎర్మీనియా ఉలిక్కిపడింది. "మనిషి చచ్చిన చోట రోజు తిరక్కుండానే రిహార్సలా? ఎవరిచ్చారు అనుమతి?"

"ట్రస్టు అధ్యక్షురాలు దొనాతా మేడమ్ అడిగారు, నేనిచ్చాను. రేపు ప్రారంభోత్సవానికి మంత్రి వస్తున్నాడు. హంతకుడు దొరికాడు, గొయ్యి కడిగారు. ఇంకేం కావాలి?"

"తలుపులు తెరిచేదాకా నాకు టైమియ్యి."

"గంట కూడా లేదు."

"నీకు పది నిమిషాల్లో హంతకుడు దొరికాడు కదయ్యా. నాకు గంట ఎక్కువే."

*

టికెట్ల గదిలో ఎవరిస్తో ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆమె తల్లి ఈ థియేటర్లోనే దుస్తులు కుట్టేది. చిన్నప్పుడు ఎర్మీనియా ఈయన గూట్లో దూరి ఆట చూసి, ఆయన ఒళ్లోనే నిద్రపోయిన రాత్రులున్నాయి.

"బాబాయ్, నాలుగు నుంచి ఐదు దాకా ఎక్కడున్నావు?"

"లోపలే."

"లోపలంటే?"

"లోపలంటే లోపలే. జైల్లో వెయ్యమను తల్లీ. అక్కడ కూడా ఎవడో ఒకడు మాట మరిచిపోతాడు, అందిస్తాను."

"నీ వేళాకోళం నాకొద్దు. ఆ కుర్రాడు నిన్ను జనంలో నడిపించుకుపోతాడు. నీతో పదిహేనేళ్లుగా ఆదివారం పూట పేకాడే మనుషులే నిన్ను చూసి మొహం తిప్పుకుంటారు. ఇక ఈ ఊళ్లో బతకగలవా?"

ఎవరిస్తో శాలువా కొస లాగి బేడీలు కప్పుకున్నాడు.

ఎర్మీనియా సంచిలోంచి పోలీసు ముద్ర వేసిన ప్లాస్టిక్ కవరు తీసి బల్ల మీద పెట్టింది. లోపల ఊదా గుడ్డ. ముసలాయన బేడీలతో సహా లేచి గోడకు కరుచుకుపోయాడు. ఇనుము ముట్టుకుంటే కీడు తగలదని రెండు చేతులతో గోడనున్న ఇనుప గొట్టాన్ని పట్టుకున్నాడు.

"తియ్యి! తియ్యవే దాన్ని! రేపు తెర లేవాలి, నీకేమైనా బుద్ధుందా?"

"నీ కొలువు తీసేసిన థియేటర్లో తెర లేస్తే నీకెందుకు, లేవకపోతే నీకెందుకు?"

"పాడేవాళ్లేం పాపం చేశారు?"

తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డ తద్దేయి చప్పట్లు కొట్టాడు. "భలే నటన."

"ఈయన ఎప్పుడు నటించాడయ్యా? జన్మంతా నటించేవాళ్ల కాళ్ల దగ్గర కూర్చున్నాడు," అంది ఎర్మీనియా కవరు లోపల పెట్టుకుంటూ. "నువ్వు థియేటర్ వాళ్ల కోపం సంగతి విన్నావు, భయం సంగతి వినలేదు. ఊదా రంగంటే కోపమే అయితే ఆ గుడ్డతో పగ తీర్చుకుంటారు. భయం కాబట్టి దాన్ని ముట్టుకోరు. ఈ గుడ్డ చుట్టినవాళ్లకు కోపం గురించే తెలుసు. అంటే వాళ్లు థియేటర్ మనుషులు కారు."

"ఈ మాట జడ్జి ముందు చెప్పండి, కడుపుబ్బ నవ్వుతాడు."

"నవ్వనీ. పద, పైకి పోదాం."

*

పై గ్యాలరీ అంటే స్టేజీ మీదికి వంగినట్టుండే చిట్టచివరి అంతస్తు. డబ్బున్నవాళ్లు కింద మెత్తటి కుర్చీల్లో కూర్చుంటే, పాట తెలిసినవాళ్లు ఇక్కడ కూర్చుంటారు. వీళ్లు మెచ్చితే పాటగాడు బతికాడు, వీళ్లు ఈల వేస్తే ఆ రాత్రే పెట్టె సర్దుకున్నాడు. అందుకే గ్రంజొత్తోకి వీళ్లంటే పడదు. పాత చెక్క బలం లేదు, జనం బరువుకు ఆగదు అని పదే పదే పత్రికల వాళ్లకు చెప్పి గ్యాలరీ మూసేయబోయాడు. సొంత ఇంజినీర్లే అది పచ్చి అబద్ధమన్నారు. అప్పట్నుంచి ఊళ్లో ఎవరైనా బొంకితే "గ్యాలరీ ఆగదులే" అని ఎగతాళి చెయ్యడం అలవాటైపోయింది. చివరికి గ్యాలరీ ఉంచి, ముందు కటకటాలు తీసి, గాజు పలకలు బిగించి, కింద పాత దూలాలకు కొత్త ఉక్కు అతికించారు.

స్టేజీ మేస్త్రీ ప్రీమో వాళ్లను కొస దాకా తీసుకుపోయాడు. సరిగ్గా కింద వాద్యాల గొయ్యి. ఎర్మీనియా వంగి చివరి గాజు పలకను పట్టి ఉంచిన ఉక్కు బిగింపు చూసింది. మిగతా వాటి మరలన్నీ మట్టి పట్టి ఉన్నాయి. ఈ ఒక్కదాని మర మీద కొత్త గీతలు తళతళలాడుతున్నాయి.

"ఇది నిన్న ఎవరు బిగించారు?"

"మేమైతే కాదు ఇన్‌స్పెక్టరమ్మా. పైన మాకు పనేం లేదు."

ఆమె నేలకు చెయ్యి ఆనించింది. ఉక్కూ చెక్కా కలిసే సందులో వేలు పెడితే పొడి అంటుకుంది. పిండిలా మెత్తటి చెక్కపొడి, పచ్చి వాసన ఇంకా పోలేదు.

"కొత్తగా కట్టిన చోట పొడి ఉండదా?" అన్నాడు తద్దేయి.

"ఉంటుంది. కట్టినప్పటి పొడి ఊడ్చేస్తారు. ఇది ఊడ్చాక రాలింది."

తద్దేయి తనూ వంగి వేలు పెట్టి చూశాడు. ఇంతలో ఎర్మీనియా ఫోను మోగింది. శవపరీక్ష చేసిన డాక్టరు. ఆమె మాట్లాడకుండా విని, ఫోను జేబులో వేసుకుని ప్రీమో వైపు తిరిగింది.

"ఐదింటికి మీరు రొట్టె తిని వచ్చారు. గొయ్యిలో ఏం చూశారు?"

ప్రీమో టోపీ తీసి చేతుల్లో నలిపాడు. "చీకటిగా ఉంది. ఊదా గుడ్డ కనిపించింది."

"మనిషి?"

"గుడ్డే చూశామమ్మా. ఆ గ్రంజొత్తోనే మమ్మల్ని ఏడిపించడానికి పడేయించాడనుకున్నాం. ఆట రెండ్రోజుల్లో ఉండగా దాన్ని ఎవడు ముట్టుకుంటాడు చెప్పండి? కీడు పోయేలా చల్లడానికి ఒకణ్ణి ఉప్పు తెమ్మని పంపి, అందరం వీధిలోకి పోయి సిగరెట్లు కాల్చుకున్నాం. ఆరింటికి దొనాతా మేడమ్ వచ్చి కేకలేస్తేనే..." ఆగిపోయాడు. "డాక్టరేమన్నాడు?"

చెప్పకుండా ఉంటే బాగుండునని ఆమెకూ అనిపించింది. కాని ఈవేళ కాకపోతే రేపు ఎవరో ఒకరు చెప్పేదే.

"నాలుగు దాటాక పడ్డాడు. నడుము విరిగింది. ఐదున్నర దాకా ప్రాణంతోనే ఉన్నాడు. గుడ్డ ముడి వదులుగా ఉంది, చంపడానికి వేసింది కాదు, నేరం మీ మీదికి నెట్టడానికి వేసింది. అప్పుడే ఆసుపత్రికి తీసుకుపోతే బతికేవాడంటున్నాడు."

ప్రీమో అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. "మేం పన్నెండు మందిమి ఉన్నాం," అన్నాడు. "పన్నెండు మందిమి ఉండి కూడా..." టోపీ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

*

దొనాతా పల్లవెరా గాజు మేడలో తన గదిలోనే ఉంది. మిలాన్ నుంచి వచ్చిన మనిషి. ట్రస్టుకు అధ్యక్షురాలై ఆరేళ్లయినా ఒక్క ఆట చివరిదాకా చూసిన పాపాన పోలేదని చెప్పుకుంటారు.

"కుర్చీల కోసం తెప్పించిన ఊదా మఖమల్ ఎక్కడుంది మేడమ్?" అంది ఎర్మీనియా.

"కింద సామాన్ల గదిలో గుడ్డ తాను పడి ఉంది. తాళాలు నాకొకటి, పాపం గ్రంజొత్తోకొకటి. పనివాళ్లు ఎలాగో తీసి ముక్క కోసుకుని ఉంటారు."

"మీ పనివాళ్లా? ఆ గది తలుపుకు వాళ్లు గుర్రపు నాడా కొట్టారు, చూశారా? ఆ తలుపు ముందునుంచి నడవాల్సి వస్తుందని వాన పడుతున్నా పెరటి చుట్టూ తిరిగి పోతారు. వాళ్లు లోపలికి దూరి, తాను విప్పి, కత్తెర పట్టి కోశారా?"

"నేను లెక్కలు చదువుకున్నదాన్నమ్మా. ఈ గుర్రపు నాడాలూ ఉప్పులూ నాకు తెలియవు."

"నేనూ అదే అంటున్నాను. మీకు తెలియవు."

దొనాతా మొహంలో రంగు మారలేదు. తద్దేయి వైపు తిరిగి, "ఇన్‌స్పెక్టర్ గారూ, ఈవిడ నన్ను హంతకురాలంటోందా? ఏ ఆధారంతో? రంగు గుడ్డంటే జడుసుకునేవాళ్ల మాటతోనా?"

తద్దేయి గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, మూఢనమ్మకం సాక్ష్యం కాదు," అన్నాడు ఎర్మీనియాతో. కాని ఇందాకటి వెటకారం ఆ గొంతులో లేదు. చెక్కపొడి అంటిన వేలు రుద్దుకుంటూనే ఉన్నాడు.

"పై గ్యాలరీ గాజు పలక ఎవరు బిగించారు మేడమ్?"

"ఏ పలక?" అంది దొనాతా. ఆ మాట కాస్త తొందరగా వచ్చింది.

కింద గంట మోగింది. తలుపులు తెరుస్తున్నారు.

*

ఎర్మీనియా మెట్లు రెండేసి దిగింది. హాల్లో అప్పుడే జనం నిండుతున్నారు. పొద్దుటినుంచి వరసలో నిలబడ్డ గ్యాలరీ మనుషులు, రొట్టె పొట్లాలు చంకన పెట్టుకుని, తుమ్మితే ఊడే ముక్కుల్లాంటి ముసలివాళ్లూ, పాట నేర్చుకునే ఆడపిల్లలూ, ఒకరినొకరు తోసుకుంటూ పై మెట్లవైపు పోతున్నారు. టికెట్ల గది అద్దంలోంచి ఎవరిస్తోను చూసి కొందరు ఆగారు. ఒకామె శిలువ గుర్తు వేసుకుంది.

ఎర్మీనియా లోపలికి వచ్చి తలుపు వేసి, ఆయన ముందు నేల మీదే కూర్చుంది.

"బాబాయ్, ఇంక టైము లేదు. నువ్వు చంపలేదని నాకు తెలుసు, నాకు తెలిస్తే చాలదు. ఎక్కడున్నావు?"

ఎవరిస్తో ఎప్పటి అలవాటు చొప్పున పెదవులు కదలకుండా, గుసగుసగా అన్నాడు.

"గూట్లో."

"ఏ గూట్లో? కప్పేశారుగా."

"పైన కప్పారు. కింద చిన్న మెట్లున్నాయి, అవి ఎవరికీ గుర్తులేవు. స్టేజీ ఖాళీ అయినప్పుడు పోయి కూర్చుంటాను. ఎలకలాగ. ఈ సంగతి ఊళ్లో తెలిస్తే చిన్నపిల్లలు కూడా నవ్వుతారే అమ్మాయీ."

"కూర్చున్నావు. అప్పుడేం విన్నావు?"

ఎవరిస్తో కళ్లు మూసుకున్నాడు. "ఏదో పడ్డ చప్పుడు. ఈ కొత్త భవనంలో రోజూ ఏదో ఒకటి పడుతూనే ఉంది, పట్టించుకోలేదు. కాసేపటికి ఆడమనిషి మడమల చప్పుడు. వచ్చింది, ఆగింది. గ్రంజొత్తో గొంతు వినిపించింది, నీరసంగా. 'దొనాతా, గ్యాలరీ ఆగదు. నా కాలి కింద కుంగింది. జనాన్ని ఎక్కించకు.' మడమలు వెళ్లిపోయాయి. మళ్లీ వచ్చాయి, గుడ్డ చప్పుడేదో, మళ్లీ వెళ్లిపోయాయి. ఆ తరవాత ఒక్కడే అంటూ ఉన్నాడు. ఎవరైనా ఉన్నారా, ఎక్కించకండి, ఆగదు. నాలుగైదు సార్లు."

"నువ్వేం చేశావు?"

"నాలుగేళ్లుగా ఈ అబద్ధం విని విని నా చెవులు దిబ్బెళ్లు వేశాయి. గ్యాలరీ మూయించడానికి మళ్లీ మొదలెట్టాడు, ఫోన్లో ఎవరికో చెబుతున్నాడు అనుకున్నాను. నలభై ఏళ్లు ఎవడు తడబడినా మాట అందించినవాణ్ణి. వాడు అడుగుతూనే ఉన్నాడు, నేను పళ్లు బిగబట్టి కూర్చుని, చప్పుడు చెయ్యకుండా లేచి వచ్చేశాను." కళ్లు తెరిచాడు. "వాడు చచ్చాడని తెలిశాక ఈ మాట ఎలా చెప్పను? అదీగాక అబద్ధమేగా, గ్యాలరీకేం..."

ఎర్మీనియా మొహం చూసి ఆగిపోయాడు.

ఆమె తన వేళ్లకు అంటిన పొడి వైపే చూస్తోంది, దూలం లోపల నలిగి రాలిన పొడి. అది బయటపడితే రేపటి ఆట ఆగుతుందనే దొనాతా ఊడిన పలక బిగించి మనిషిని చావనిచ్చింది. వెనక తలుపు తీసి నిలబడ్డ తద్దేయి ఎప్పుడొచ్చాడో, అంతా విన్నాడు. మనిషి పాలిపోయాడు. వచ్చి బేడీలు విప్పాడు.

"ఎంతమంది ఎక్కారు?" అంది ఎర్మీనియా.

"సగం పైనే. నేను మెట్ల దగ్గర ఆపుతాను, ప్రీమోని రెండో వైపు నిలబెడతాను. పైనున్నవాళ్లను..."

"పోలీసులు దిగమంటే దిగరు వాళ్లు. దింపాలని చూశారని నాలుగేళ్లు కొట్లాడినవాళ్లు." ముసలాయన భుజం పట్టి లేపింది. "నువ్వు చెప్పాలి బాబాయ్. నువ్వు చెబితే వింటారు."

*

ఎవరిస్తో బొన్‌ఫదీని తన జీవితంలో మొదటిసారి స్టేజీ మధ్య వెలుగులో నిలబడ్డాడు. ఎక్కడ చేతులు పెట్టుకోవాలో తెలియలేదు. పై గ్యాలరీలో రెండు వందల మొహాలు ముందుకు వంగి కిందికి చూశాయి. గాజు పలకల మీద చేతులు ఆనించారు.

"అరుగో, మన ఎవరిస్తో! వదిలేశారు!" ఎవరో అరిచారు. చప్పట్లు మోగాయి.

ఆయన చెయ్యెత్తాడు. గుసగుసకు అలవాటైన గొంతు మొదట లేవలేదు. రెండోసారి లేచింది.

"దిగండర్రా! నెమ్మదిగా వెనక్కి జరిగి దిగండి! గ్యాలరీ ఆగదు!"

చప్పట్లు ఒక్క పెట్టున ఆగాయి. తరవాత పైనుంచి ఒక ముసలి గొంతు, ఆదివారాల పేకాట స్నేహితుడిదే, వణుకుతూ వచ్చింది.

"బేడీలు ఊడదియ్యడానికి నీతో ఈ మాట చెప్పించారా, ఎవరిస్తో?"

"కాదురా! ఒట్టు! నిన్న గ్రంజొత్తో చచ్చేముందు..."

"గ్రంజొత్తో మాటే! వాడి మాటే వల్లిస్తున్నాడు!"

"సిగ్గులేదూ!"

ఈల ఒకటి లేచింది. దాని వెనక ఇంకొకటి, తరవాత లెక్కలేనన్ని. మెట్ల మీద తద్దేయి కేకలు ఆ ఈలల్లో మునిగిపోయాయి. ఎర్మీనియా రెండు చేతులూ ఎత్తి వద్దు వద్దంటూ స్టేజీ మీదికి పరిగెత్తింది. ఆమెను చూసి పైవాళ్లకు ఒళ్లు మండింది. నచ్చని పాటగాణ్ణి తరిమెయ్యడానికి తాతలనాటి నుంచి ఆ గ్యాలరీకి ఒక పద్ధతుంది. ముందు వరసలో ఎవరో మొదలుపెట్టారు, పక్కవాళ్లు అందుకున్నారు. అంతలోనే రెండు వందల మందీ లేచి నిలబడి, అందరూ కలిసి ఒకే తాళంలో, కాళ్లతో గ్యాలరీ నేలను తన్నడం మొదలుపెట్టారు.